ఒక్క చుక్క... తేడా ఎంతో!

పప్పులో ఉప్పు చిటికెడు ఎక్కువైతే ఏమవుతుందో మనకు తెలుసు. పల్లాడియంతో ఫొటోలు ముద్రించేవాళ్లకూ అదే బెంగ. కాకపోతే వాళ్లు లెక్కపెట్టేది చుక్కలు. అదీ, 2019లో బంగారాన్ని మించి ధర పలికిన లోహం చుక్కలు!

ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్‌ తీసి చూడండి. రంగులు వెలిసి, ముఖాలు ఎర్రబారి ఉంటాయి. పల్లాడియం ఫొటోకి ఆ బాధ లేదు. బొమ్మ కాగితం పీచులోనే లోహంగా నిలిచిపోతుంది. కాగితం ఉన్నన్నాళ్లూ అదీ ఉంటుంది.

యుద్ధం తెచ్చిన విద్య

మొదట వచ్చింది ప్లాటినం ముద్రణ. ఇంగ్లండుకు చెందిన విలియం విల్లిస్‌ 1873లో దానికి పేటెంటు పొందాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు పదార్థాల తయారీకి ప్లాటినం అవసరమై ధర కొండెక్కింది. చర్చిల్లోని వెలుగునీడలను అందంగా పట్టిన ఫ్రెడరిక్‌ ఎవాన్స్‌ అయితే, ఆ కాగితం అందకుండా పోయాక ఫొటోగ్రఫీకే దూరమయ్యాడు. ఆ లోటు తీర్చడానికి వచ్చిందే పల్లాడియం.

చిక్కంతా అక్కడే

ఫెర్రిక్‌ ఆక్సలేట్‌ అనే ఇనుప లవణాన్నీ పల్లాడియం లవణాన్నీ చుక్కల లెక్కన కలిపి కాగితానికి బ్రష్‌తో పూస్తారు. ఆరాక నెగెటివ్‌ను దానిమీద ఆనించి అతినీలలోహిత కాంతిలో పెడతారు. అంటే ఫొటో ఎంత కావాలో నెగెటివ్‌ కూడా అంతే ఉండాలి. డెవలపర్‌ పోయగానే గోధుమ వన్నె బొమ్మ క్షణాల్లో ప్రత్యక్షం!

అయితే ఈ కాగితం స్వభావం మెతక. నెగెటివ్‌లో నలుపు తెలుపుల తేడా తక్కువైతే బొమ్మ పొగమంచు వెనక ఉన్నట్టు చప్పగా వస్తుంది. ఆ తేడాను పెంచడానికి పూర్వం పొటాషియం క్లోరేట్‌ కలిపేవారు. మోతాదు మించితే తెల్లని భాగాలు ఇసుక చల్లినట్టు గరుకుగా తేలేవి. ఇప్పుడు చాలామంది వాడేది 'ఎన్‌ఏ2' అనే ప్లాటినం ద్రావణం. అది ఎంత గాఢంగా ఉంటే కాంట్రాస్ట్‌ అంత పెరుగుతుంది. ఒక్క చుక్కతోనే తేడా తెలుస్తుంది! కాకపోతే కాంతిలో ఇంకాస్త ఎక్కువసేపు ఉంచాలి.

కొత్త ఫొటో అయితే కంప్యూటర్‌లోనే సరిదిద్ది తగిన నెగెటివ్‌ తీసుకోవచ్చు. కానీ తాతల కాలంనాటి నెగెటివ్‌ చేతికొస్తే? అందులోని మనిషిని మళ్లీ నిలబెట్టి ఫొటో తీయలేం కదా. ఆ నెగెటివ్‌ నుంచే నేరుగా ముద్రించాలంటే, ఆ ముఖంలో కళ తెచ్చేదీ పోగొట్టేదీ ఆ చుక్కే. అందుకే అనుభవజ్ఞులు ముందు చిన్న కాగితం ముక్క మీద పరీక్షించి చూసుకుంటారు... అచ్చం మనం చెంచాతో పప్పు రుచి చూసినట్టే!