ఫోను అమ్మది, వయసు పిల్లది

చాట్‌జీపీటీ అనే ఏఐ యాప్ వాడాలంటే పదమూడేళ్లు నిండాలి. పద్దెనిమిది నిండేదాకా అమ్మానాన్నల అనుమతి ఉండాలి. 2025 సెప్టెంబరులో దాన్ని తయారుచేసిన కంపెనీ మరో ఏర్పాటు చేసింది. పిల్లల అకౌంటును పెద్దల అకౌంటుతో కలుపుకుని, ఏ వేళల్లో వాడకూడదో పెద్దలే నిర్ణయించవచ్చు. మంచిదే. కానీ మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసే ఇంట్లో, తెల్లవారకముందే టమాటా మార్కెట్‌కు కూలికి పోయే ఇంట్లో పిల్లలకు సొంత అకౌంటు ఎక్కడుంది? ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను. అకౌంటు అమ్మ పేరు మీద, అమ్మ వయసుతో ఉంటుంది. ఆరో తరగతి పిల్ల ప్రశ్న అడిగితే, అడిగింది పెద్దామె అనుకునే ఏఐ జవాబు చెబుతుంది.

చట్టమూ ఉంది. 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటుంది. అయితే అవతల ఉన్నది పిల్లలని కంపెనీకి తెలిస్తేనే కదా! కాబట్టి మన ఇళ్లలో పిల్లలకు నిజమైన రక్షణ, పెద్దవాళ్లు పక్కన కూర్చోవడమే.

నేను పుంగనూరు, కుప్పం, మదనపల్లె బడుల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. సాయంత్రాలు వీధి పిల్లలు మా ఇంటికి వస్తారు. వాళ్ల అమ్మలు నన్ను అడిగేది ఒకటే. "మాకు సదువు రాదు సార్, మేమేం సూసుకుంటాం?"

చూసుకోగలరమ్మా. ఏఐ ఇప్పుడు తెలుగులో మాట్లాడుతుంది. జవాబును గట్టిగా వినపడేట్టు పెట్టమనండి. మీరు వంట చేసుకుంటూనే వినండి. విన్నాక ఒక్క మాట అడగండి: "ఇది నిజమని నీకెట్ల తెలుసు?" ఆ ప్రశ్న అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

పిల్లలతో నేను మొదట చేయించే పని, మన ఊరి సంగతులు అడిగించడం. పుంగనూరు ఆవు ఎంత ఎత్తు ఉంటుంది, కుప్పంలో ఎన్ని భాషలు వినపడతాయి, ఇలాంటివి. ఒకసారి జనగణమన ఎక్కడ రాశారని అడిగించాను. మదనపల్లెలోనే రాశారని ఆ యాప్ బల్లగుద్ది చెప్పింది. బిసెంట్ కాలేజీ పక్క వీధి పిల్ల వెంటనే అందుకుంది. "సార్, ఇది తప్పు చెప్తా ఉండాది." ఆ పిల్ల మాటే నిజం. ఆ పాటను 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడారు. ఠాగూర్ మన బిసెంట్ కాలేజీకి వచ్చింది 1919లో. ఇక్కడ ఆయన దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. బాణీకి స్వరలిపి రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్ అనే ఆవిడ.

ఎందుకిలా తప్పుతుంది? కోట్ల కొద్దీ పేజీలు చదివించి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా వేయడం ఈ యంత్రానికి నేర్పారు. ఢిల్లీ గురించి, న్యూయార్క్ గురించి రాసినవి బోలెడు. మన ఊళ్ల గురించి రాసినవి తక్కువ. తెలియని చోట కూడా అది తడబడదు, తెలిసినంత ధీమాగానే చెబుతుంది. తాము ఎరిగిన విషయంలో అది పొరపాటు పడటాన్ని కళ్లారా చూసిన పిల్లలు, ఎరగని విషయంలోనూ జాగ్రత్త పడతారు. నేను ఎంత పాఠం చెప్పినా రాని జాగ్రత్త అది.

సరిగ్గా చెప్పినప్పుడూ ఊరుకోకూడదు. బరువు ఎక్కువైతే లోలకం త్వరగా ఊగుతుందా అని ఒక అబ్బాయి అడిగితే, ఊగదు, తేడా తెచ్చేది తాడు పొడవే అని ఏఐ సరిగ్గానే చెప్పింది. అయినా చేసి చూడమన్నాను. ఒకే పొడవు దారానికి ముందు తాళంచెవి, తర్వాత తాళంకప్ప కట్టి, ఇరవై ఊపులకు ఎంతసేపు పట్టిందో వాడు లెక్కపెట్టుకున్నాడు. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ వాళ్లు పల్లె పిల్లలకు సైన్సు ఇలాగే చేతికి ఇచ్చి నేర్పుతున్నారు. ఏఐ వచ్చాక ఆ పద్ధతి అవసరం ఇంకా పెరిగింది.

హోంవర్కు సంగతి. వ్యాసం ముందు పిల్లలే రాయాలి. రాశాక "ఇందులో తప్పులెక్కడున్నాయి?" అని ఏఐని అడగొచ్చు. ముందే రాయించుకుంటే ఆలోచించే పని వాళ్లకు ఎన్నటికీ రాదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఇంట్లో చెప్పుకోలేని బాధను పిల్లలు దానితో చెప్పుకుంటారు. అది తిట్టదు, విసుక్కోదు, రాత్రి రెండింటికి కూడా బదులిస్తుంది. అమెరికాలో 2025 ఏప్రిల్‌లో పదహారేళ్ల అబ్బాయి ప్రాణం తీసుకున్నాడు. నెలల తరబడి చాట్‌జీపీటీతోనే తన బాధ చెప్పుకున్నాడని, అది ఆపకపోగా ఊతమిచ్చిందని తల్లిదండ్రులు ఆగస్టులో కోర్టుకెక్కారు. మొదట్లో చెప్పిన ఆ నియంత్రణలు వచ్చింది ఆ తర్వాతే. మార్కులు తగ్గాయని కొట్టే ఇంట్లో పిల్లలు ఫోనుతోనే మాట్లాడతారు. మనం వినే మనుషులుగా ఉండాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇక ఫోటోలు. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని ఏఐతో వేరే అమ్మాయి వీడియోకు అతికించారు. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు జిల్లా కుర్రాణ్నే. సినిమా తారకు జరిగింది, డీపీలో ఫోటో ఉన్న ఏ ఆడపిల్లకైనా జరగవచ్చు. అందుకే ఫోటో, బడి పేరు, ఇంటి అడ్రసు ఏ యాప్‌కూ ఇవ్వకూడదని పిల్లలకు చెప్పండి. సరదాకైనా స్నేహితుల ముఖాన్ని మార్చకూడదని మగపిల్లలకు మరీ గట్టిగా చెప్పండి. అలాంటిది మీ పిల్లకు జరిగితే దయచేసి ఆ పిల్లను తిట్టకండి, బడి మాన్పించకండి. స్క్రీన్‌షాట్ తీసి దాచి, ఫిర్యాదు చేయండి.

సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098, మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416. ఈ మూడు నంబర్లూ ఈరోజే ఒక చీటీ మీద రాసి, ఇంట్లో పిల్లలకు కనపడేచోట అంటించండి.