ఫ్యాను ఉంటే పాత విమానమేనా?

ఆకాశంలో తెల్లటి గీత కనబడితే నందికొట్కూరు వైపు పిల్లలు "రాకెట్ పోతాంది" అని అరుస్తారు. అది రాకెట్టూ కాదు, ఉత్త పొగా కాదు. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి పైన ఉండే మైనస్ 40 డిగ్రీల చలికి మంచు రేణువులై నిలుస్తుంది. జెట్‌కే ఆ గీత వస్తుందనుకోవడమూ పొరపాటే. 1940లో జర్మనీ దాడి చేసినప్పుడు ఇంగ్లండు గగనతలంలో పోరాడిన ఫ్యాను (ప్రొపెల్లర్) విమానాలు కూడా ఆకాశం నిండా ఇలాంటి గీతలే గీశాయి. ఆ పోరులో హైదరాబాదు పేరు పెట్టుకున్న బ్రిటిష్ ఫైటర్ దళాలు రెండున్నాయి: స్పిట్‌ఫైర్ విమానాల 152వ దళం, హరికేన్ విమానాల 253వ దళం. నిజాం ఇచ్చిన విరాళాల వల్ల వచ్చిన పేర్లవి. 

అపోహ: ఫ్యాను కనబడితే లోపల పాతకాలపు ఇంజనే.

2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలయ్యాక అక్కడ దిగిన ఏటీఆర్ విమానాలకు ఫ్యాన్లున్నాయి. లోపలున్నది మాత్రం జెట్ జాతి టర్బైనే. గాలిని పీల్చి, నొక్కి, ఇంధనంతో మండించి, ఆ వేడి వాయువుతో చక్రాన్ని తిప్పడం జెట్‌లోనూ ఏటీఆర్‌లోనూ ఒకటే. జెట్‌లో వెనక్కి చిమ్మే గాలి, వాయువుల తోపే విమానాన్ని నడుపుతుంది. ఏటీఆర్‌లో ఆ శక్తి చాలావరకు ఫ్యానుకే పోతుంది. స్పిట్‌ఫైర్ ఇంజను వేరే జాతి: పన్నెండు సిలిండర్లు, పిస్టన్లు, మేలురకం పెట్రోలు. జెట్ తాగేది కిరసనాయిలు లాంటి ఇంధనమే!

అపోహ: జెట్ రాగానే ఫ్యాను విమానాల పని అయిపోయింది.

తొలి జెట్ విమానం, జర్మనీ హైంకెల్ 178, ఎగిరింది 1939 ఆగస్టు 27న. యుద్ధ దళాల్లోకి జెట్‌లు చేరేసరికి 1944 అయింది. వాటిలో జర్మనీ మెస్సర్‌ష్మిట్ 262 గంటకు 870 కిలోమీటర్ల దాకా పోయేది. కానీ దాని ఇంజన్లు పాతిక గంటలు నిలిస్తే గొప్ప. పైగా వేగం పుంజుకోవడం ఆలస్యం కాబట్టి, అది రన్‌వే మీదకి దిగే వేళకు కాచుకుని ఫ్యాను విమానాలు కూల్చేవి.

మన వైమానిక దళానికి తొలి జెట్‌లు, వాంపైర్లు, 1948లో వచ్చాయి. అప్పటికీ టెంపెస్ట్ ఫ్యాను విమానాలు కొలువులోనే ఉన్నాయి. జెట్ అంటే ఒళ్లంతా లోహం అనుకునేవాళ్లు వినాలి: వాంపైర్‌లో పైలట్ కూర్చునే భాగం ప్లైవుడ్డు, బాల్సా చెక్కలతో చేసింది. అన్ని జెట్‌లూ ఒకటి కావు కూడా. పాకిస్తాన్‌తో యుద్ధంలో, 1965 సెప్టెంబరు 1న ఛంబ్ రంగంలో ఒక్క సాయంత్రమే, అప్పటికి పాతబడిన వాంపైర్లు నాలుగు కూలాయి.

అపోహ: జెట్ అయితే చాలు, ధ్వనిని దాటేస్తుంది.

తొలి జెట్‌లేవీ దాటలేదు. తర్వాత వచ్చిన మన మారుత్‌కూ అది తేలిక కాలేదు. ఫోకెవుల్ఫ్ 190 అనే ఫ్యాను విమానాన్ని రూపొందించిన కుర్ట్ టాంక్ 1956లో బెంగళూరు హెచ్‌ఏఎల్‌కు వచ్చి, మన ఇంజనీర్లతో కలిసి మారుత్ జెట్‌ను తీర్చిదిద్దాడు. 1961 జూన్ 17న అది ఎగిరింది, 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున పోరాడింది. ధ్వనిని సునాయాసంగా దాటాలనే దాన్ని రూపొందించారు. అంత తోపునిచ్చే ఇంజనే దానికి చివరిదాకా దొరకలేదు.