గ్రుడ్డు లేని దుంపఅట్టు

తొక్క తీసిన బంగాళాదుంపను తురిమి, గుడ్డలో మూటగట్టి పిండి, ఆ నీటిని గిన్నెలో కదల్పక యుంచినచో, కొంతసేపటికి పైని నీరు ఎఱ్ఱవాఱి తేరగా, అడుగున తెల్లని గట్టిముద్ద పేరుకొనును. పైనీటిని వంపివేసి ఆ ముద్దను మరల తురుమునందు కలిపివేయుట కొరియాలోని గాంగ్వన్ మండలపు వంటయిండ్ల వారెఱిగిన యుపాయము. అచ్చటి గమ్జాజొన్ అను దుంపఅట్టునకు గ్రుడ్డుతో పనిలేదు. తూర్పు ఐరోపా యూదులు హనుక్కా పండుగనాళ్లలో నూనెలో వేయించు లాట్కెయందు మాత్రము, తురుమును పట్టి నిలుపుటకు గ్రుడ్డును, మాట్సా అను పొంగని రొట్టెయొక్క పొడిని చేర్చుట వాడుక. ఈ రెంటిని మేళవించి, మాంసమును, పాలును, గ్రుడ్డును తగులని యట్టు నొకదానిని కాల్చగోరువారికి కావలసిన బంధకము ఆ గిన్నె యడుగుననే యున్నది.

గ్రుడ్డులోని మాంసకృత్తులు సుమారు 60 మొదలు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు మడతలు వీడి, ఒండొంటితో పెనగొని వలగా నేర్పడును. తురుము ఆ వలలో చిక్కి నిలుచును. గిన్నె యడుగున పేరుకొన్న ముద్దయగు దుంపపిండి చేయు పనియు నిట్టిదే గాని మార్గము వేఱు. దాని రేణువులు నీటికన్న ఒకటిన్నర రెట్లు బరువైనవి గనుక త్వరగా అడుగు పట్టును. 60 డిగ్రీలు దాటిన పిమ్మట నీటిని పీల్చి ఉబ్బి, అమైలోజు అను పొడవైన అణువులను వెలికి విడుచును. వరిపిండి కలిపిన నీరు పొయ్యిమీద జావయై చిక్కబడునట్లే, ఈ ద్రవమును చిక్కనై తురుముపోగుల నన్నిటిని అంటించును.

హనుక్కా క్రీ. పూ. 164లో మక్కబీయులను యూదువీరులు యెరూషలేము దేవాలయమును మరల పవిత్రపఱచిన ఘట్టమును స్మరించు ఎనిమిదిదినముల పండుగ. ఒకనాటికి చాలు నూనె ఎనిమిదినాళ్లు వెలిగెనను ఐతిహ్యమే నూనెవంటలకు మూలము. దుంప దక్షిణ అమెరికా పర్వతసీమలనుండి వచ్చినది గనుక లాట్కెలోనికి చాల తరువాత చేరినది. కొరియాకును అది పందొమ్మిదవ శతాబ్దముననే అందినది. వరి చక్కగా పండని గాంగ్వన్ కొండలలో ఆ పంట నాటుకొని పోయినది.

ఇక ఈ అట్టులో కలుపదగిన కొరియావారి కిమ్చీ సంగతి. మిరపపొడి పట్టించి పులియబెట్టు ఈ క్యాబేజీ ఊరగాయలో ఉప్పురొయ్యలో, పులియబెట్టిన చేపలరసమో సాధారణముగా కలియును. రొయ్యలు యూదుల ధర్మశాస్త్రమునకును నిషిద్ధములే. కావున అవి లేకుండ చేయు బౌద్ధాలయముల పద్ధతిని చేసిన కిమ్చీని వాడినచో రెండు నియమములును చెల్లును. లాక్టికామ్లమును పుట్టించు సూక్ష్మజీవులవలన దానికి పులుపు వచ్చును. ఈ పులుపు తురిమిన దుంపను నల్లబఱచు ఎంజైమును అణచును; కాని, 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మైయార్ వర్ణించిన, అట్టునకు బంగారువన్నెయు కమ్మదనమును కూర్చు చర్యనుగూడ కొంత మందగింపజేయును. అందుచేత కిమ్చీకలిసిన అట్టు మఱికొంతసేపు పెనముపై నుండవలెను.

అరకిలో దుంపల తురుమును, సన్నగా తఱిగి పిండిన గుప్పెడు కిమ్చీని, కొంచెము ఉల్లిని, గిన్నె యడుగుముద్దను కలిపి, చాలనిచో రెండుచెంచాల దుంపపిండిని చేర్చవలెను. ఉప్పు నీటిని ఊర్చును గనుక కాల్చబోవునపుడే వేయుట మేలు. తడి యున్నంతవఱకు అట్టు పైభాగపు వేడి 100 డిగ్రీలను మించదు. మైయార్ చర్య చుఱుకుగా సాగుటకు 140 డిగ్రీలు కావలెను. కనుకనే గట్టిగా పిండుటయు, పలుచగా పఱచుటయు, అంచులు ఎఱ్ఱబడునంతవఱకు తిరుగవేయక ఓర్చుకొనుటయు ముఖ్యము. లాట్కెతో తిను పులిసిన మీగడను విడిచి, ఆపిలుగుజ్జునో, కొరియావారి సోయా, వెనిగారుల పులుసునో నంజుకొనవచ్చును.

గ్రుడ్డునకు బదులుగా పిండిని నమ్మినవారు ఒక్క నియమమును పాటింపవలెను. చల్లారినకొలది అమైలోజు అణువులు మరల వరుసకట్టి బిగిసికొనుటచే అట్టు గట్టిపడును గనుక, వేడిగానుండగనే వడ్డింపవలెను. మిగిలినదానిని పెనముపై కొంచెము నూనెతో మరల కాల్చినచో ఆ బిగువు కొంతవఱకు సడలును.