మరమగ్గము, డప్పు, చెవి – భివండి వాదకులకు కొన్ని సూచనలు

మహారాష్ట్రమున ఠాణే జిల్లాలో కామవారి నదీతీరమున నున్న భివండి పట్టణము మరమగ్గములకు పేరొందినది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బ్రతుకుతెరువుకై తరలిపోయిన తెలుగు నేతపనివారు, అందు ముఖ్యముగా పద్మశాలీలు, అచ్చట తరతరములుగా స్థిరపడియున్నారు. మార్కండేయ జయంతి, బతుకమ్మ, బోనాలు మున్నగు ఉత్సవములను వారు తమతోడనే కొనిపోయిరి. ఈ ఉత్సవములకు వాద్యము ప్రాణము. సాంచాల నడుమ పనిచేసి, పండుగనాడు డప్పు చేతబట్టు యువకులు తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు.

డప్పు బిగ్గరగా మ్రోగవలెననిన బలముగా కొట్టవలెనను అభిప్రాయము నేర్చుకొనువారిలో సాధారణము. వాదకుడు అవసరమునకు మించి బలము వాడుటకు కారణములు మూడు: తోలు వదులగుట, మణికట్టు బిగియుట, చెవి మందగించుట. మొదటి రెండును సవరించుకొనదగినవి. మూడవది చేజారిన పిమ్మట మరల రాదు.

వాద్యము

డప్పు కొయ్య చట్రమునకు తోలు బిగించి చేయబడును. కుడిచేత పొట్టిగా, లావుగా నుండు చిర్రయు, ఎడమచేత సన్నగా, పొడవుగా నుండు చిటికెన పుల్లయు పట్టుట సాధారణ పద్ధతి. తోలు గాలిలోని తేమను పీల్చి వదులగును. భివండి కొంకణ ప్రాంతమునకు చెందినది. అచ్చట వానకాలమున గాలి మిక్కిలి చెమ్మగా నుండును. ఆషాఢ బోనాలు, వినాయక చవితి ఆ కాలముననే వచ్చును. కావున వాయించుటకు ముందు డప్పును కాచుట తప్పనిసరి.

కాచునపుడు మంటకు తగులనీయక, కొంత దూరమున పట్టి త్రిప్పుచు, నడుమ నడుమ వ్రేలితో మీటి నాదమును పరీక్షింపవలెను. అతిగా కాచిన తోలు పగులును. ఇద్దరు ముగ్గురు కలిసి వాయించుచో అదనముగా నొక డప్పును సెగకడ నుంచి, వదులైన దానికి బదులుగా నందుకొనుట మేలు. పని ముగిసిన వెంటనే తడి డప్పును ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టరాదు. ఆరిన పిదప పొడిగుడ్డలో చుట్టవలెను. నేడు విరివిగా దొరకు ప్లాస్టిక్ పొర డప్పులు తేమకు వదులు కావు. కాని వానిని నిప్పుకడ నుంచరాదు.

చేయి

తెగిన పోగులను ముడివేయుచు, కండెలు మార్చుచు గంటల తరబడి నిలిచిన పనివాని మణికట్టు అలసియుండును. అట్టి చేతితో తటాలున వడిగా వాయింప మొదలిడుట హానికరము. అయిదు పది నిమిషములు నెమ్మదిగా వాయించి చేతిని వేడెక్కించుకొనవలెను. పుల్లను పిడికిట బిగింపక బొటనవ్రేలి, చూపుడువ్రేలి నడుమ సడలించి పట్టవలెను. దెబ్బ తగిలిన పుల్ల తనంత తానే ఎగయును. దానిని ఎగయనిచ్చుటయే నేర్పు. నొప్పి పుట్టినచో ఆపవలెను.

సాధన కొరకు రబ్బరు పలకయో, మడిచిన దుప్పటియో చాలును. వరుసను మొదట నెమ్మదిగా వాయించి, రెండు చేతుల దెబ్బలు సమముగా వినవచ్చిన పిమ్మటనే వడి పెంచవలెను. బతుకమ్మ ఆటలో స్త్రీల చప్పట్లే తాళమునకు ప్రమాణము. వారి అడుగును మించి పరుగెత్తు డప్పు ఆటను చెరచును.

చెవి

నాడె అటునిటు కొట్టబడు మగ్గముల కొట్టములో ధ్వని సుమారు 100 డెసిబెల్లకు చేరును. ధ్వనిని 85 డెసిబెల్లకు లోబరచుకొనినచో దినమునకు 8 గంటలు భరింపవచ్చునని అమెరికాలోని వృత్తిరక్షణ పరిశోధన సంస్థ నిర్ణయించినది. అటుపై ప్రతి 3 డెసిబెల్లకు కాలము సగమగును. ఆ లెక్కను 100 డెసిబెల్లకడ దక్కునది 15 నిమిషములు మాత్రమే. భివండిలోనో 12 గంటల పాళీ సామాన్యము. పాళీ దిగిన వెంటనే డప్పుల నడుమ నిలుచువాడు అలసిన చెవికి రెండవ భారము నెత్తుచున్నాడు.

ఈ హాని భివండికే పరిమితము కాదు. స్కాట్లండులోని డండీ నగరపు జనపనార మిల్లులలో పనిచేసిన నేతగత్తెల వినికిడిని పరీక్షించి, టేలర్ మున్నగువారు 1965లో తమ పరిశోధనను ప్రకటించిరి. హాని తొలి పది పదునైదేండ్లలోనే అధికముగా జరుగునని అందు తేలినది. అనగా ఇరువదేండ్లకు పనిలో చేరినవాడు, వాదకుడుగా పేరు గాంచవలసిన ప్రాయముననే వినికిడి పోగొట్టుకొనును.

మొదట పోవునది సన్నని, హెచ్చు స్థాయి ధ్వని. 4,000 ఆవృత్తుల ప్రాంతమున లోపము ముందుగా కానవచ్చును. డప్పులో చిర్ర గుంభనము చెవికి నిలిచియుండగా, చిటికెన పుల్ల పలుకు మసకబారును. వాదకుడు తన పుల్ల పలుకుటలేదని భ్రమించి మరింత గట్టిగా కొట్టును. దానివలన మణికట్టు చెడును, ప్రక్కవాని చెవి చెడును, తన చెవి యింకను చెడును.

దీనికి నివారణ సులభమే. చెవిలో దూది పెట్టుట చాలదు. మందుల దుకాణములలో దొరకు మెత్తని నురుగు బిరడాలను వ్రేళ్లతో సన్నగా చుట్టి, చెవిని పైకి, వెనుకకు లాగి లోనికి చొప్పించి, అవి ఉబ్బువరకు పట్టియుంచవలెను. చక్కగా అమరినచో 15 డెసిబెల్లు, అంతకు మించియు తగ్గును. కొట్టములోను, వాయించునపుడును వానిని వాడవలెను. వీలైనచో పాళీకిని వాద్యమునకును నడుమ చెవికి కొన్ని గంటల విశ్రాంతి నీయవలెను. చెవిలో గీమను శబ్దము మరునాటికి తగ్గకున్నను, మాటలు వినబడియు అర్థము కాకున్నను వైద్యునికి చూపవలెను. ఏటికొకమారు వినికిడి పరీక్ష చేయించుకొనుట ఉత్తమము.

వినువారి చెవిని గూర్చియు వాదకునికి బాధ్యత కలదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ననుసరించి రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగ వాద్యమునకు నిషేధము కలదు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలముగా ప్రకటింపదగినది. ఊరేగింపు దారిని ముందే చూచుకొనినచో తగవులుండవు.

పండుగకు డప్పులు కొనుటకు చందా వసూలుచేయు సంఘములు, ఆ సొమ్ములో స్వల్పభాగముతో వాదకులందరికి చెవి బిరడాలు సమకూర్పవచ్చును. తోలు చిరిగిన మరియొకటి బిగింపవచ్చును. చెవికి ఆ వీలు లేదు. నేడు నేర్చుకొను బాలుడు అరువదవ యేటను చిటికెన పుల్ల పలుకును వినగలిగిననాడే, ఆ విద్యను మనుమలకు సరిగా నేర్పగలడు.