ఇంటి కాగితం ఎవరి పేరు మీద ఉంది?

2005 జూలై 26ను ముంబై, భివండీ, కల్యాణ్ వైపు ఉన్న మనవాళ్లెవరూ మరచిపోరు. ఒక్క రోజులో శాంతాక్రూజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. లోకల్ బండ్లు ఆగిపోతే పట్టాల మీద నడిచి తెల్లారి ఇల్లు చేరినవాళ్లు మన చాళ్లలో ఎంతోమంది. తడిసిన బట్టలు, పిల్లల పుస్తకాలు ఇంకా ఆరనే లేదు, నెల దాటగానే టీవీలో ఇంకో నగరం మునిగింది. అది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్. ముంచిన తుఫాను పేరు కత్రినా. మనం తుఫాను అనేదాన్నే అక్కడ హరికేన్ అంటారు.

"గంత పైసలున్న దేశంల జనం ఇంటి కప్పులెక్కి చేతులూపుడేంది?" అని అప్పుడు అందరం ముక్కున వేలేసుకున్నాం. ఆ ఊరు మునిగిన సంగతి అందరికీ తెలుసు. నీళ్లు పోయినాక ఎవరు తిరిగి రాగలిగారు, ఎవరు రాలేకపోయారు అన్నది మాత్రం చాలామందికి తెలియదు. మనలాంటి కుటుంబాలు తెలుసుకోవలసిన కథ అదే.

కారున్నవాళ్లు పోయారు

ఆగస్టు 28, ఆదివారం పొద్దున నగర మేయర్ రే నేగిన్ అందరూ ఊరు విడిచి పోవాలని ఆర్డరు వేశాడు. మర్నాడు పొద్దునకే తుఫాను ఒడ్డు తాకింది. చేతిలో ఒక్క రోజు కూడా లేదు. అయినా పెద్ద రోడ్లన్నీ బయటికి పోయే దారులుగా మార్చడంతో ఆ ప్రాంతం నుంచి పది లక్షల మందికి పైగా వెళ్లిపోయారు. అంటే ఏర్పాటు పనిచేసింది, కాకపోతే కారున్నవాళ్లకు.

కారు లేని జనం నగరంలో లక్షకు అటూ ఇటూగా ఉన్నారు. పైగా నెలాఖరు. జీతమో, సర్కారు చెక్కో రావడానికి ఇంకా రెండు మూడు రోజులుంది. చేతిలో పైసా లేనిదే ఏ ఊరు పోతారు, ఏ లాడ్జిలో దిగుతారు? నెలాఖరు అంటే ఏమిటో మన ఇళ్లలో ఒకరు చెప్పనక్కర్లేదు.

మిగిలినవాళ్లలో 20 వేల మందికి పైగా సూపర్‌డోమ్ అనే స్టేడియంలో తలదాచుకున్నారు. గాలికి దాని పైకప్పు దెబ్బతింది. కరెంటు పోయింది, పాయిఖానాలు నిండిపోయాయి. దాన్ని ఖాళీ చేయడానికి సెప్టెంబరు మొదటి వారం దాకా పట్టింది. బస్సు ఎక్కినవాళ్లలో చాలామందికి అది ఏ ఊరు పోతుందో కూడా తెలియదు. తల్లి ఒక ఊళ్లో, పిల్లలు ఇంకో ఊళ్లో తేలారు.

చనిపోయినవాళ్ల లెక్క చాలా ఏళ్లు 1,833 అని చెప్పుకున్నారు. తరువాత అమెరికా హరికేన్ కేంద్రం మళ్లీ సరిచూసి 1,392గా తేల్చింది. లూసియానా రాష్ట్రంలో పోయినవాళ్లలో దాదాపు సగం మంది 75 ఏళ్లు, ఆ పైబడిన ముసలివాళ్లు.

ముంచింది గాలి కాదు, గోడ

న్యూ ఆర్లీన్స్ ఒక గిన్నెలాంటి ఊరు. ఒక పక్క మిసిసిపీ నది, ఇంకో పక్క పాంచర్‌ట్రెయిన్ సరస్సు. నగరంలో చాలా భాగం సముద్ర మట్టం కంటే కింద ఉంది. వాన పడితే పంపులతో నీళ్లను కాలువల్లోకి తోడి సరస్సులో పోస్తారు. తుఫాను రోజున సరస్సు నీళ్లే ఎదురు తిరిగి కాలువల్లోకి తన్నుకొచ్చాయి. 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ గోడలు నీళ్లు పైనుంచి పొర్లకముందే కూలిపోయాయి. అడుగున మట్టి మెత్తన, గోడ లెక్క తప్పు. వాటిని కట్టించిన సైనిక ఇంజనీర్ల విభాగమే 2006లో తన రిపోర్టులో ఈ లోపాలను ఒప్పుకుంది. నగరంలో 80 శాతం మునిగింది. నీళ్లన్నీ తోడేసరికి అక్టోబరు 11 అయింది.

నీళ్లు పోయినాక

ఇళ్లు కట్టుకోవడానికి 'రోడ్ హోమ్' అనే పథకం పెట్టారు. ఒక ఇంటికి లక్షా యాభై వేల డాలర్ల దాకా సాయం. అయితే అందులో ఒక మెలిక ఉంది. తుఫానుకు ముందు ఇంటి ధర ఎంత, మళ్లీ కట్టడానికి ఖర్చు ఎంత అని చూసి, రెండిట్లో ఏది తక్కువైతే దాని మీద లెక్క కట్టారు. సిమెంటు, కర్ర, కూలీ రేటు ఏ బస్తీలోనైనా ఒక్కటే. నల్లవాళ్ల బస్తీల్లో ఇంటి ధర తక్కువ. ఒకే తీరు ఇల్లు, ఒకే తీరు నష్టం, సాయం మాత్రం వేరు. దీని మీద 2008లో కేసు వేశారు. 2011లో రాజీ కుదిరింది. కానీ మూడేళ్లు ఆగేసరికి ఎంతోమంది వేరే ఊళ్లలో స్థిరపడిపోయారు.

ఇంకొక ముడి కాగితం దగ్గర పడింది. తాత కట్టిన ఇంట్లో తండ్రి, తండ్రి పోయాక కొడుకు కాపురం ఉంటారు. ఇల్లు మనదేనని వాడంతా తెలుసు. కాగితం మీద మాత్రం ఎప్పుడో పోయిన తాత పేరే ఉంటుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పది ఊళ్లలో ఉంటారు. అలాంటివాళ్లు సాయం కోసం పోతే "ఇల్లు మీదని రుజువేది?" అన్నారు. ముందు వారసత్వం తేల్చుకోవడానికి వకీలు ఖర్చు, నెలల తరబడి తిరుగుడు. ఆ తిప్పలు పడలేక ఆశ వదులుకున్న కుటుంబాలున్నాయి.

కిరాయికి ఉన్నవాళ్ల బాధ ఇంకొకటి. సర్కారు కట్టించిన నాలుగు పెద్ద కాలనీల్లో సుమారు 4,500 ఇళ్లను కూల్చడానికి 2007 డిసెంబరులో నగర కౌన్సిల్ ఒప్పుకుంది. వాటి స్థానంలో కొత్త ఇళ్లు వచ్చినా, పేదలకు దక్కినవి మునుపటి కంటే తక్కువ. 2000లో 4,84,674 ఉన్న జనాభా 2010కి 3,43,829కి పడిపోయింది.

కలిసి వచ్చినవాళ్లు

నగరం తూర్పు అంచున వియత్నాం నుంచి వచ్చినవాళ్ల వాడ ఒకటుంది. 1975లో యుద్ధం ముగిశాక దేశం విడిచి వచ్చి, చర్చి చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు. పరాయి ఊళ్లో సొంత భాష, సొంత కూరగాయల మళ్లు. మనలాంటివాళ్లే.

వాళ్లు ఒక్కొక్కరుగా కాక, అక్టోబరులోనే గుంపుగా తిరిగి వచ్చారు. "ఇక్కడ జనం ఉన్నారు, కరెంటివ్వండి" అని పేర్ల జాబితా పట్టుకుని కరెంటు కంపెనీ వెంట పడ్డారు. 2006లో వాళ్ల వాడ పక్కనే తుఫాను చెత్త పోసే డంపు తెరిస్తే ముసలివాళ్లతో సహా రోడ్డెక్కి దాన్ని మూయించారు. వాళ్ల దగ్గర డబ్బేమీ ఎక్కువ లేదు. ఎవరు ఏ ఊళ్లో తలదాచుకున్నారో ఒకరికొకరికి తెలుసు, అదే వాళ్ల బలం.

ఆ తరువాత వెయ్యి కోట్లకు పైగా డాలర్లతో కొత్త కట్టలు, గేట్లు కట్టారు. సరిగ్గా 16 ఏళ్లకు, 2021 ఆగస్టు 29న, ఐడా అనే పెద్ద తుఫాను వచ్చింది. కరెంటు పోయింది గానీ నగరం కట్టలు తెగలేదు.

మరి మన సంగతి?

మన ఖోలీ పావతి ఇప్పటికీ ఎవరి పేరు మీద ఉంది? మిల్లు కార్మికుల ఇళ్ల లాటరీకి అర్జీ పెట్టిన కుటుంబాలకు వారసుల కాగితం లేకపోతే ఎంత తిప్పలో తెలుసు. పెద్దవాళ్లు బతికుండగానే కూర్చుని మాట్లాడుకుంటే సగం పని అయిపోతుంది. కాగితాల నకళ్లు ఒకటి ఊళ్లో అన్నదమ్ముల దగ్గర పెట్టాలి, ఫోటో తీసి ఫోన్లో దాచాలి. చాల్‌లో నడవలేని అవ్వలు, తాతలు ఎవరు, నీళ్లొస్తే ఎవరిని ఎవరు మోసుకుపోవాలి అన్నది వానలకు ముందే అనుకోవాలి. ఒక ఆదివారం సాయంత్రం చాలు ఈ పనికి.