పసిరిక పాము కరిస్తే ప్రమాదమెంత?

పాణ్యం ప్రాంతంలో పశుగ్రాసం కోసం కంచెల వెంట, గట్ల వెంట తిరిగే సభ్యులకు పసిరిక పాము తెలిసినదే. పచ్చని తీగవలె సన్నగా, మొనదేలిన మూతితో ఉంటుంది. అది కళ్లు పొడుస్తుందని, కరిస్తే ప్రాణం పోతుందని మనలో అనేకుల భయం. నిజానికి దాని విషం బల్లులను, కప్పలను లొంగదీయడానికి తగినది. కోరలు నోటి వెనుక భాగంలో ఉంటాయి. మనిషిని కరిస్తే నొప్పి, వాపు కలిగి, కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి.

రాత్రివేళ బల్లుల కోసం తిరిగే పిల్లికళ్ల పాము కూడా ఇటువంటిదే. అయితే గోధుమరంగు ఒంటిపై మచ్చలతో అది చిన్నపింజరిని పోలి ఉంటుంది. చిన్నపింజరి కాటు ప్రాణాంతకం. చీకట్లో గడ్డివామి వద్ద కరిచినది ఏదో తేల్చడం కష్టం.

వెనుక కోరల పాములన్నీ నిరపాయమనీ అనుకోరాదు. 1957లో అమెరికాలో కార్ల్ ష్మిట్ అనే సర్పశాస్త్రజ్ఞుడు, ఆఫ్రికాకు చెందిన అటువంటి పాము కరవగా, వైద్యం చేయించుకోక మరునాడే మరణించాడు.

కనుక ఏ పాము కరిచినా తాడు బిగించక, గాయం కోయక, కరిచిన కాలు లేక చేయి కదలనీయక వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి — ఈ నాలుగింటి విషానికీ పనిచేసే విరుగుడు సూదిమందు ఒకటే. అది అవసరమో కాదో డాక్టరు నిర్ణయిస్తారు.

పసిరిక పామును చంపవద్దనీ, పోల్చలేని కాటును ఉపేక్షించవద్దనీ సభ్యులకు మా మనవి.