మార్చమన్న కథ అటకెక్కరాదు

సంగం : పొలం పనో, బడి పనో ముగించుకుని రాత్రిపూట కథలు రాసుకునే వారు పెన్న ఒడ్డు పల్లెల్లోనూ ఉంటారు. అచ్చులో పేరు చూసుకోవాలన్నది వారి ఆశ. అయితే సంపాదకుని నుండి ‘ఫలానా చోట మార్చి పంపండి’ అని జాబు రాగానే కొందరు డీలా పడిపోతారు. పట్నం వారికి పల్లె సంగతులేం తెలుసునని రాతప్రతిని అటక మీద పడవేస్తారు. మరికొందరు చెప్పిందల్లా మార్చేసి, తమ కథను తామే పోల్చుకోలేని స్థితికి తెచ్చుకుంటారు. రెండూ నష్టమే. నిజానికి మార్చమనడం తిరస్కారం కాదు. పనికిరాదనుకున్న కథకు అంత వివరంగా జాబు రాసే తీరిక ఏ సంపాదకునికీ ఉండదు.

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1897లో అయిదంకాల నాటకంగా అచ్చయింది. ఆయన దానిని తిరగరాసి 1909లో ఏడంకాలుగా మళ్లీ వెలువరించారు. మధురవాణి పాత్ర పెరిగింది. నేడు జనం చదివేది ఆ రెండో కూర్పునే. వాడుక భాషను మాత్రం ఆయన వదులుకోలేదు. మార్చవలసినది, నిలుపుకోవలసినది ఏదో తెలిసి ఉండాలన్నమాట.

జాబు అందిన రోజే బదులు రాయకుండా నాలుగు రోజులు ఆగడం మేలు. పిమ్మట సూచనలను మూడుగా విడదీయాలి. మొదటివి వాస్తవ దోషాలు. 1980 నాటి కథలో సంగం బ్యారేజి ఉంటే తప్పే. అది ప్రారంభమైంది 2022లో. అంతకు ముందున్నది బ్రిటిషు కాలం నాటి ఆనకట్ట. ఇటువంటివి వెంటనే దిద్దాలి. రెండోవి అర్థం కాని చోట్లు. సంపాదకుడు చెప్పిన మార్పు నచ్చకున్నా, అక్కడ పాఠకుడు తడబడతాడన్నది నిజం. రచయిత తన తీరులో సరిచేయాలి. మూడోవి అభిరుచికి, యాసకు సంబంధించినవి. కావలి రచయిత మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు యాసలోనే పాఠకుల మన్నన పొందాయి. కనుక కారణం చూపి మర్యాదగా కాదనవచ్చు.

దిద్దిన ప్రతితోపాటు ఏవి మార్చినదీ, ఏవి మార్చనిదీ చిన్న జాబులో తెలపాలి. పాత ప్రతిని దాచుకోవాలి. కథ ఉద్దేశమే తారుమారయ్యే మార్పు కోరితే, కథను వెనక్కు తీసుకునే హక్కు రచయితకు ఉంది.

పంపక ముందే నలుగురికి చదివి వినిపిస్తే సగం లోపాలు ఇంటివద్దే తేలతాయి. శాఖా గ్రంథాలయాల్లో నెలకొకసారి ఇటువంటి కూడికలు జరిపేందుకు సంబంధిత అధికారులు పూనుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.